బొప్పాయి కాలస్ బాగా పెరిగింది కానీ అందులో పపైన్ లేదు: మొక్కల కణాలతో ఎంజైములు తీయడం నిజంగా ఎక్కడైనా జరుగుతోందా?

కాలస్_కష్టాలు
ఎమ్మెస్సీ బయోటెక్నాలజీ చివరి సంవత్సరపు ప్రాజెక్టుగా బొప్పాయి కణజాల వర్ధనం ద్వారా పపైన్ (బొప్పాయి పాలలో ఉండే, ప్రోటీన్లను విడగొట్టే ఎంజైము) ఉత్పత్తి అనే అంశాన్ని ఎంచుకున్నాను. సీసాలోనే మొలకెత్తించిన మొక్కల కాండపు ముక్కలను 2,4-డి, కొద్దిగా కైనెటిన్ (మొక్కల హార్మోన్ల వంటివి) కలిపిన మురాషిగె-స్కూగ్ పోషక యానకంలో ఉంచితే లేత పసుపు రంగులో కాలస్, అంటే రూపం లేని కణాల ముద్ద, చక్కగా వచ్చింది. బూజు బెడద కూడా పెద్దగా లేదు. అయితే ఆ కాలస్‌ను చల్లని బఫర్‌లో నూరి, సెంట్రిఫ్యూజ్ చేసి, కేసీన్ అనే పాల ప్రోటీన్ ఎంత విరుగుతోందో కొలిచే పద్ధతిలో పరీక్షిస్తే ఎంజైము చర్య దాదాపు శూన్యంగా కనిపిస్తోంది. పపైన్‌ను చురుకుచేసే సిస్టీన్ కలిపి చూసినా ఫలితం మారలేదు. అదే రోజు, అదే బఫర్‌లో పచ్చి బొప్పాయికాయ పాలను ఎంతో పలచన చేసి పరీక్షిస్తే రీడింగ్ స్పెక్ట్రోఫోటోమీటర్ పరిమితిని దాటిపోయింది.

పాఠ్యపుస్తకాల్లో కణజాల వర్ధనం ఉపయోగాల కింద "ఎంజైముల ఉత్పత్తి" అని ఒక్క ముక్క రాసి వదిలేస్తారు. ఎవరు, ఏ మొక్కతో, ఏ ఎంజైమును, ఎంత పెద్ద ఎత్తున తీస్తున్నారో ఎక్కడా చెప్పరు. ఇది నిజంగా జరుగుతున్న పనేనా, లేక పరీక్షలో నాలుగు మార్కుల కోసం ఉన్న వాక్యమేనా? నా కాలస్‌లో పపైన్ రాకపోవడానికి కారణం ఏమై ఉంటుంది?

గాజుసీసా
కాలస్ వయసు ఎంత? నూరేటప్పుడు గోధుమ రంగుకు తిరిగిందా? అరటి మొక్కల టిష్యూకల్చర్ ల్యాబులో పనిచేస్తున్నాను. ఫినోలిక్ పదార్థాలు ఎక్కువగా ఉన్న కణజాలాన్ని అలాగే నూరితే అవి ప్రోటీన్లకు అంటుకుని ఎంజైములను పాడుచేస్తాయి. ఆ ఫినోలిక్‌లను పట్టి తీసేసే పీవీపీపీ పొడి కలిపారో లేదో మీరు రాయలేదు.

కాలస్_కష్టాలు
నాలుగు వారాల కాలస్‌నే వాడాను. పీవీపీపీ కలిపాను. రంగు కొద్దిగా మారింది కానీ గోధుమ రంగు అనలేను.

రిక్తిక
మీ ప్రయోగంలో లోపం ఉన్నట్టు నాకు అనిపించడం లేదు. మీకు వచ్చిన శూన్యమే సరైన ఫలితం కావచ్చు.

పపైన్ బొప్పాయి మొక్కలోని ప్రతి కణంలోనూ తయారయ్యే ఎంజైము కాదు. అది లేటెక్స్ నాళాలలో, అంటే కాయ తొక్క కింద, ఆకులో, కాండంలో వలలాగా అల్లుకుని ఉండే ప్రత్యేక కణాల వరుసలలో తయారవుతుంది. అక్కడ కూడా మొదట చర్య లేని పూర్వరూపంలో ఉండి, కాయకు గాటు పడి పాలు బయటికి వచ్చినప్పుడు కొద్ది నిమిషాలలోనే చురుకైన రూపంలోకి మారుతుంది. కైమోపపైన్, కారికైన్ వంటి దాని తోటి ఎంజైములు కూడా ఆ పాలలోనే ఉంటాయి. ఇది మొక్క తనను కొరికే పురుగుల నుంచి కాపాడుకునే ఏర్పాటు. ఇక మీరు 2,4-డి వేసి పెంచిన కాలస్ అంటే తాను కాండమో ఆకో మరిచిపోయిన కణాల ముద్ద. అందులో నాళాలు ఏర్పడవు. నాళాలు లేనిచోట పాలు ఉండవు, పాలు లేనిచోట పపైన్ వెతకడం ఆవు చెవి చర్మాన్ని సీసాలో పెంచి పాలు పిండబోవడం వంటిది.

ఆక్సిన్ (2,4-డి వంటిది) తగ్గించి, సైటోకైనిన్ (కైనెటిన్ వంటిది) పెంచి, ఆ కాలస్ నుంచి మొగ్గలో పిండాలో వచ్చేలా చేసి, ఆ దశలో మళ్లీ పరీక్షించండి. నాళాలు ఏర్పడేకొద్దీ చర్య కనిపించే అవకాశం ఉంది. కాలస్ దశలోనూ మొగ్గల దశలోనూ తీసిన కొలతలను పక్కపక్కన పెడితే అదే మంచి ప్రాజెక్టు అవుతుంది. అయితే దానిని ఉత్పత్తి అని పిలవకండి.

బఫర్_బాబాయి
రిక్తిక గారు మర్యాదగా చెప్పిన దానిని నేను సూటిగా చెబుతాను. ఎంజైముల పరిశ్రమలో చాలా ఏళ్లుగా పనిచేస్తున్న నాకు, సీసాలో పెంచిన మొక్క కణాల నుంచి తీసిన పారిశ్రామిక ఎంజైము ఒక్క డ్రమ్ము కూడా ఎదురుపడలేదు. సబ్బుపొడిలో, పిండిలో, బట్టల మిల్లులో వాడే ఎంజైములు దాదాపు అన్నీ ఆస్పర్జిల్లస్, బాసిల్లస్ వంటి సూక్ష్మజీవుల నుంచి వస్తాయి. ఈ.కోలై అనుకూల పరిస్థితుల్లో ఇరవై నిమిషాలకు ఒకసారి రెట్టింపవుతుంది. మొక్క కణాలలో అతివేగంగా పెరిగేదిగా పేరున్న పొగాకు కణశ్రేణికే అందుకు అర రోజుకు పైగా పడుతుంది, చాలా మొక్కల కణాలకు రెండు మూడు రోజులు కావాలి. అన్ని రోజులపాటు లీటరుకు 30 గ్రాముల చక్కెర ఉన్న యానకాన్ని ఒక్క బాక్టీరియా కూడా చొరబడకుండా కాపాడాలి. ఆ ఖర్చును ఎవరు భరిస్తారు?

పపైన్ సంగతి అయితే మరీ తేలిక. పొలంలో కాయ మీద గాటు పెడితే కారే పదార్థం కోసం బయోరియాక్టర్ కొనేవారు ఉండరు.

తాడిపత్రి_తోట
గాటు పెట్టడం తేలిక అని రాసిన వారు ఒకసారి మా తోటకు వచ్చి పెట్టి చూడాలి. నేను శాస్త్రం చదివినవాడిని కాదు, బొప్పాయి రైతును. మా బంధువులు కొంతకాలం పాలు తీసి అమ్మారు.

కాయ రెండున్నర, మూడు నెలల వయసులో ఉన్నప్పుడు, తెల్లవారుజామున మొదలుపెట్టి ఎండ ముదరకముందే పని ముగించాలి. స్టీలు బ్లేడుతో కాయ పొడవునా నాలుగు గీతలు, మూడు మిల్లీమీటర్ల లోతుకు మించకుండా గీయాలి. మూడు నాలుగు రోజులకు ఒకసారి, అదే కాయ మీద మిగిలిన చోట మళ్లీ గీయాలి. ఇనుప పాత్రలో పట్టకూడదు. పట్టిన పాలను ఆలస్యం చేయకుండా ఎండబెట్టాలి, వేడి 55 డిగ్రీలు దాటితే సరుకు బలం తగ్గిపోతుంది. ఆ పాలు చేతికి తగిలితే చర్మం పొక్కుతుంది, కంటిలో పడితే ఆస్పత్రికి పోవాల్సిందే. కూలీలు ఈ పనికి రావడానికి ఇష్టపడరు. గీతలు పడిన కాయను పండ్ల మార్కెట్లో ఎవరూ ముట్టుకోరు, అది టూటీఫ్రూటీ చేసేవారికి పోవాలి. ఇంతా చేశాక రింగ్‌స్పాట్ వైరస్ తగిలితే తోటే మిగలదు. కాబట్టి సీసాలో పెంచగలిగితే నాకేమీ అభ్యంతరం లేదు. నేను పండ్లే అమ్ముకుంటాను.

బఫర్_బాబాయి
తాడిపత్రి గారూ, మీ వివరణ తరువాత "తేలిక" అనే మాటను "చవక" అని మారుస్తున్నాను. చవక అనడానికి కారణం ఆ కష్టానికి తగిన కూలి దక్కకపోవడమే అని ఒప్పుకుంటాను. అయినా నా లెక్క మారదు.

వంటింటి_రసాయనం
పచ్చి బొప్పాయి ముద్ద పట్టించిన మాంసం మెత్తబడటానికి ఈ ఎంజైమే కారణమని తెలుసు. కాలస్ ముద్దను పట్టిస్తే ఏమవుతుందో ప్రాజెక్టులో ఒక అధ్యాయంగా చేర్చవచ్చు కదా?

గాజుసీసా
2,4-డి కలుపు మందు. ఆ బిర్యానీకి నన్ను పిలవకండి.

రిక్తిక
బఫర్_బాబాయి గారి లెక్క సబ్బుపొడికి సరిపోతుంది. కానీ "ఎక్కడైనా జరుగుతోందా" అన్న మొదటి ప్రశ్నకు అది సమాధానం కాదు. జరుగుతోంది. అదీ క్యారెట్ కణాలతో.

గాషే వ్యాధి ఉన్నవారి శరీరంలో గ్లూకోసెరిబ్రోసిడేజ్ అనే ఎంజైము సరిగా పనిచేయదు. దాంతో ఒక రకమైన కొవ్వు పదార్థం మాక్రోఫేజ్ అనే రక్షక కణాలలో పేరుకుపోయి కాలేయం, ప్లీహం ఉబ్బుతాయి, ఎముకలు దెబ్బతింటాయి. ఆ ఎంజైమును బయటి నుంచి రక్తంలోకి ఎక్కించడమే చికిత్స. 1991లో వచ్చిన తొలి మందును మానవ మాయల (ప్లాసెంటా) నుంచి తీసేవారు. 1994 నుంచి దాని స్థానంలో చైనీస్ హామ్‌స్టర్ అండాశయ కణాలలో తయారైన ఇమిగ్లూసెరేజ్ వచ్చింది. ఇజ్రాయెల్‌లోని కార్మియెల్‌లో ఉన్న ప్రొటాలిక్స్ సంస్థ ఇదే మానవ ఎంజైము జన్యువును క్యారెట్ కణాలలోకి చొప్పించి, వందల లీటర్ల ప్లాస్టిక్ సంచులలో ఆ కణాలను పెంచింది. అలా వచ్చిన టాలిగ్లూసెరేజ్ ఆల్ఫాకు అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2012 మే 1న అనుమతి ఇచ్చింది. మొక్క కణాలలో తయారై మనుషుల చికిత్సకు ఎఫ్‌డీఏ ఆమోదం పొందిన తొలి ప్రోటీన్ మందు అదే.

ఇందులో నాకు అన్నిటికంటే నచ్చిన విషయం చక్కెర గొలుసులది. మాక్రోఫేజ్ కణం ఈ ఎంజైమును లోపలికి తీసుకోవాలంటే ఎంజైముకు అతుక్కుని ఉన్న చక్కెర గొలుసు చివర మానోజ్ కనబడాలి. హామ్‌స్టర్ కణాలలో తయారైనప్పుడు ఆ మానోజ్ పైన సయాలిక్ ఆమ్లం, గాలక్టోజ్, ఎన్-ఎసిటైల్ గ్లూకోజమైన్ కప్పుకుని ఉంటాయి. తయారీ పూర్తయ్యాక మరో మూడు ఎంజైములతో ఒక్కొక్క పొరను ఒలిచి మానోజ్‌ను బయటపెట్టాలి. క్యారెట్ కణంలో మాత్రం ఎంజైమును రిక్తికలోకి (కణం లోపలి సంచి లాంటి భాగం, వాక్యూల్) పంపేలా చివర ఒక చిన్న సంకేత శ్రేణిని జోడించారు. రిక్తికలో ఆ గొలుసు తనంతట తానే కత్తిరింపునకు గురై మానోజ్ చివరన తేలుతుంది. హామ్‌స్టర్ కణాలకు విడిగా చేయాల్సిన పనిని క్యారెట్ కణం తన ఇంటి పనిలో భాగంగా చేసిపెడుతోంది. ఈ.కోలైలో అయితే ఈ చక్కెర గొలుసులే ఏర్పడవు, కాబట్టి ఇరవై నిమిషాల వేగం ఇక్కడ అక్కరకు రాదు.

కాలస్_కష్టాలు
ఇది మా సిలబస్‌లో ఎక్కడా లేదు. క్యారెట్‌నే ఎందుకు ఎంచుకున్నారు?

రిక్తిక
ద్రవ యానకంలో క్యారెట్ కణాలను పెంచడం పాత విద్య. 1958లోనే ఎఫ్.సి. స్టీవార్డ్ బృందం కొబ్బరి నీళ్లు కలిపిన యానకంలో క్యారెట్ కణాలను పెంచి, వాటి నుంచి మొక్కల దాకా తీసుకువచ్చింది. తినే మొక్క కావడం కూడా అనుకూలమే.

కోనసీమ_కొబ్బరి
కొబ్బరి నీళ్ల ప్రస్తావన వచ్చినందువల్ల ఈ చర్చలో నాకు కూడా భాగం ఉందని తెలియజేస్తున్నాను.

పిల్లల_వైద్యురాలు
గాషే వ్యాధి ఉన్న పిల్లలను చూసిన అనుభవం ఉంది కనుక రెండు మాటలు చేర్చుతాను. 2009లో బోస్టన్‌లోని ఆల్‌స్టన్ కర్మాగారంలో హామ్‌స్టర్ కణాల ట్యాంకులలో వెసివైరస్ 2117 కనబడటంతో ఉత్పత్తి ఆపి శుభ్రం చేయాల్సి వచ్చింది. ప్రపంచమంతటా మందు కొరత ఏర్పడి చాలామంది రోగుల మోతాదులు తగ్గించవలసి వచ్చింది. జంతు కణాలకు సోకే వైరస్‌లు మొక్కల కణాలలో పెరగవు. రిక్తిక గారు చెప్పిన చక్కెర గొలుసు ఎంత ముఖ్యమో ఒక వైద్యురాలిగా నాకు ఈ సంగతి కూడా అంతే ముఖ్యం.

మోతాదు కూడా తెలిస్తే పరిమాణం అర్థమవుతుంది. టాలిగ్లూసెరేజ్‌ను కిలో బరువుకు 60 యూనిట్ల చొప్పున రెండు వారాలకు ఒకసారి ఎక్కించాలి. ఒక సీసాలో 200 యూనిట్లు ఉంటాయి. అంటే 20 కిలోల పిల్లవాడికి ప్రతిసారీ ఆరు సీసాలు, ఏడాదికి 156 సీసాలు, అదీ జీవితాంతం. మన దేశంలో 2021 నాటి అరుదైన వ్యాధుల జాతీయ విధానం కింద ఒక్కో రోగికి ఇచ్చే సహాయం గరిష్ఠంగా 50 లక్షల రూపాయలు. హైదరాబాదులో నిమ్స్, సీడీఎఫ్‌డీ కలిసి ఆ విధానం కింద ఉత్కృష్ట కేంద్రంగా ఉన్నాయి. పిల్లవాడి బరువు పెరిగేకొద్దీ సీసాల సంఖ్య పెరుగుతుంది, కానీ ఆ 50 లక్షలు పెరగవు. మొక్క కణాల వల్ల తయారీ చవక అవుతుందని పరిశోధకులు రాస్తూ ఉంటారు. తయారీ చవక కావడం వేరు, రోగి చేతికి వచ్చే ధర తగ్గడం వేరు అని దయచేసి ప్రాజెక్టులో ఒక వాక్యం రాయండి.

బఫర్_బాబాయి
డాక్టరుగారి చివరి వాక్యంతో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. అయితే క్యారెట్ కథను చూసి "మందు ఎంజైము అంటే కణ వర్ధనమే" అని అనుకోవద్దు. కాలిన గాయాల మీద చచ్చిన చర్మాన్ని తొలగించడానికి వాడే నెక్సోబ్రిడ్‌కు 2022 డిసెంబరులో ఎఫ్‌డీఏ అనుమతి వచ్చింది. అందులో ఉన్నది బ్రోమెలైన్ ప్రధానమైన ఎంజైముల మిశ్రమం. దానిని తీసేది పొలంలో పండిన అనాస మొక్క కాండం నుంచే. పండు కోశాక మిగిలే కాండంలో అది పుష్కలంగా ఉంటుంది. మొక్క తనంతట తాను కుప్పలుగా తయారుచేసే ఎంజైముకు సీసా అనవసరం అన్న నా మాటకు కట్టుబడి ఉన్నాను.

రిక్తిక
ఆ మాటకు అడ్డు చెప్పడం లేదు. మొక్కకు పుట్టుకతో వచ్చిన ఎంజైము పొలంలో దొరుకుతుంది. మొక్కకు మనం కొత్తగా నేర్పిన ఎంజైము దగ్గరే సీసా అవసరం అవుతుంది.

ఒంగోలు_బ్యారన్
కొత్తగా నేర్పినదైనా పొలంలోనే పండించవచ్చు కదా? పైన ఎవరో పొగాకు కణాలు అతివేగంగా పెరుగుతాయి అన్నారు. మా నాన్నగారు జీవితమంతా పొగాకు వేసి, బ్యారన్‌లో ఆకు కాల్చి, వేలంలో ధర కోసం ఎదురుచూసినవారు. ఆకులో మందు పండితే వేలానికి వైద్యులు వస్తారు.

రిక్తిక
ఆ పొగాకు కణాలు బ్రైట్ ఎల్లో-2 అనే శ్రేణికి చెందినవి, వాటిని జపాన్‌లో తయారుచేశారు. ఫాబ్రీ అనే మరో ఎంజైము లోప వ్యాధికి 2023 మేలో ఎఫ్‌డీఏ అనుమతి పొందిన పెగునిగాల్సిడేజ్ ఆల్ఫా తయారయ్యేది పొగాకు కణాలలోనే, పైన చెప్పిన కార్మియెల్ సంస్థ నుంచే. అయితే అక్కడ ఆకూ ఉండదు, బ్యారనూ ఉండదు.

పొలంలో పండించడంలో ఉన్న చిక్కు 2002లో అమెరికాలో బయటపడింది. ప్రొడిజీన్ అనే సంస్థ పందుల టీకా కోసం ప్రోటీన్ తయారుచేసే మొక్కజొన్నను నెబ్రాస్కాలో సాగుచేసింది. మరుసటి ఏడు అదే పొలంలో సోయా వేస్తే, కిందటి పంట గింజల నుంచి మొలిచిన మొక్కజొన్న సోయాతో కలిసిపోయింది. సుమారు ఐదు లక్షల బుషెళ్ల (అమెరికా ధాన్యపు కొలత) సోయాను నాశనం చేయవలసి వచ్చింది, సంస్థకు జరిమానా పడింది. సంచిలోని క్యారెట్ కణం పూయదు, గింజ కట్టదు, పక్క పొలంలోకి పోదు.

తాడిపత్రి_తోట
ఈ సంగతి ముందే చెప్పి ఉంటే "నాకేమీ అభ్యంతరం లేదు" అని ఇంకా గట్టిగా రాసేవాడిని. మందు పండే పంట నా పక్క పొలంలో ఉంటే మాత్రం అభ్యంతరం ఉంది.

పిల్లల_వైద్యురాలు
మొక్క కణాలకు లోపాలు లేవన్నట్టుగా చర్చ పోతోంది. మన కణాలలో లేని జైలోజ్, ఒక ప్రత్యేక బంధంతో ఉండే ఫ్యూకోజ్ మొక్కల చక్కెర గొలుసులలో ఉంటాయి. టాలిగ్లూసెరేజ్ తీసుకున్న రోగులలో కొందరికి ఆ మందుకు వ్యతిరేకంగా యాంటీబాడీలు ఏర్పడ్డాయి. తీవ్రమైన అలర్జీ రావచ్చన్న హెచ్చరిక కూడా మందు వివరపత్రంలో ఉంది. అలాంటి హెచ్చరిక హామ్‌స్టర్ కణాల మందుకూ ఉంది కనుక నేరం మొత్తం క్యారెట్ మీద మోపలేము, కానీ వదిలేయనూ లేము. ఇంకొక విషయం, ఐరోపాలో టాలిగ్లూసెరేజ్‌కు అనుమతి 2012లో ఆగిపోయింది, కానీ పనిచేయకపోవడం వల్ల కాదు. అదే వ్యాధికి అప్పటికే అనుమతి పొందిన మరో మందుకు అరుదైన వ్యాధుల చట్టం కింద పదేళ్ల ప్రత్యేక హక్కు ఉండటం వల్ల ఆగింది.

వేరుశోధకుడు
చర్చ ఇజ్రాయెల్, నెబ్రాస్కా తిరిగి వచ్చింది కానీ అడిగిన విద్యార్థి చేతిలో ఉన్నది ఒక షేకర్, ఒక స్పెక్ట్రోఫోటోమీటర్, కొద్ది నెలల సమయం. జన్యువు చొప్పించే పని చేయాలంటే సంస్థాగత జీవభద్రతా సంఘం అనుమతి కావాలి. అది వచ్చేసరికి వైవా తేదీ దాటిపోతుంది.

నా సలహా పెరాక్సిడేజ్. రక్తపరీక్షల వంటి వాటికి వాడే ఎలైసా కిట్లలో రంగు తెప్పించే ఎంజైము హార్స్‌రాడిష్ అనే ఐరోపా మొక్క వేరు నుంచి వచ్చే పెరాక్సిడేజే. దీనిని ఈ.కోలైలో తయారుచేయబోతే అది ముడుచుకుపోయి కరగని ముద్దలుగా మిగులుతుంది, ఇనుము ఉండే హీమ్ భాగం సరిగా అమరదు, చక్కెర గొలుసులు ఉండవు. అందుకే ఈనాటికీ వేరు నుంచే తీస్తున్నారు. మన ముల్లంగి కూడా అదే ఆవాల కుటుంబానికి చెందినది, దాని వేరులోనూ పెరాక్సిడేజ్ సమృద్ధిగా ఉంటుంది. పపైన్‌లాగా ఇది నాళాలలోనే ఉండే ఎంజైము కాదు. గాయపడిన, ఒత్తిడిలో ఉన్న మొక్క కణాలు దాదాపు అన్నీ దీనిని తయారుచేస్తాయి, కాలస్‌లోనూ దొరుకుతుంది. పరీక్షకు గ్వయకాల్ (రంగు మారే రసాయనం), హైడ్రోజన్ పెరాక్సైడ్, ఫాస్ఫేట్ బఫర్ చాలు. ఇటుక రంగు తేలుతుంది, 470 నానోమీటర్ల దగ్గర చదవాలి.

గాజుసీసా
వేరుశోధకుడు గారి సలహా బాగుంది, కానీ అందులో ఒక ఉచ్చు ఉంది. కాలస్ ముసలిదై గోధుమ రంగుకు తిరిగేటప్పుడు పెరాక్సిడేజ్ చర్య పెరగవచ్చు. అప్పుడు విద్యార్థి "నా యానకం వల్ల ఉత్పత్తి పెరిగింది" అని రాస్తాడు, నిజానికి కాలస్ చావుకు దగ్గరపడి ఉంటుంది. తాజా బరువుతో పాటు పొడి బరువునూ, బ్రాడ్‌ఫోర్డ్ పద్ధతిలో మొత్తం ప్రోటీన్‌నూ కొలిచి, చర్యను మిల్లీగ్రాము ప్రోటీన్‌కు లెక్కకట్టాలి.

వేరుశోధకుడు
నిజమే. అందుకే కాలస్ కన్నా వేళ్ల వర్ధనం మేలు అంటాను. అగ్రోబాక్టీరియం రైజోజెనిస్ అనే నేల బాక్టీరియాను సోకించి పుట్టించిన రోమవేళ్లు హార్మోన్లు లేని యానకంలోనే కొమ్మలు వేస్తూ పెరుగుతాయి. అవి విభేదనం చెందిన అవయవాలు కనుక తరతరాలుగా ఒకే తీరుగా ప్రవర్తిస్తాయి, కాలస్‌లాగా నెలనెలా గుణం మార్చుకోవు. పెరాక్సిడేజ్‌ను చుట్టూ ఉన్న ద్రవంలోకి కొంత విడుదల కూడా చేస్తాయి, కాబట్టి వేళ్లను నూరకుండానే యానకం నుంచి తీయవచ్చు. మీ విభాగంలో ఆ బాక్టీరియా కల్చరూ అనుమతీ ముందే ఉంటే దీనికి ప్రయత్నించండి, సోకించిన తరువాత సెఫోటాక్సిమ్ అనే యాంటీబయోటిక్ వేసి బాక్టీరియాను వదిలించుకోవాలి. లేకపోతే మామూలు ముల్లంగి కాలస్‌తోనే కానివ్వండి.

బఫర్_బాబాయి
ఎలైసా కిట్లకు ఎంజైము గ్రాముల్లో అమ్ముడవుతుంది, టన్నుల్లో కాదు. అక్కడ మొక్క కణాలకు చోటు ఉందని ఒప్పుకోవడానికి నాకు ఇబ్బంది లేదు. అయినా వేరు నుంచి తీసే ధరను రోమవేళ్ల బయోరియాక్టర్ ఓడించినట్టు నాకు ఇంతవరకు కనబడలేదు. వేళ్లు ట్యాంకులో గుబురుగా అల్లుకుపోతే లోపలికి ఆక్సిజన్ చేరదు, తిప్పే రెక్కలు పెడితే వేళ్లు తెగుతాయి. ఆ చిక్కుకు మీ దగ్గర పరిష్కారం ఉందా?

వేరుశోధకుడు
తిప్పే రెక్కలు లేకుండా, యానకాన్ని పొగమంచులాగా చల్లే ట్యాంకులు ఉన్నాయి. చిన్న పరిమాణంలో పనిచేస్తాయి. పెద్ద పరిమాణంలో మీ ప్రశ్న నిలిచే ఉంది.

కాలస్_కష్టాలు
మా విభాగంలో రైజోజెనిస్ లేదు, కనుక ముల్లంగి కాలస్‌కు మారుతున్నాను. బొప్పాయిని పూర్తిగా వదలడం లేదు. ఉన్న కాలస్‌లో కొంత భాగాన్ని మొగ్గలు వచ్చే యానకంలోకి మార్చి, పపైన్ చర్య ఏ దశలో మొదలవుతుందో ఒక పట్టికగా చూపిస్తాను. శీర్షికలోని "ఉత్పత్తి" అనే మాటను తీసివేయడానికి గైడ్ గారు ఒప్పుకున్నారు. పెరాక్సిడేజ్ పరీక్షలో తప్పనిసరిగా పెట్టవలసిన కంట్రోళ్లు ఏమిటో చెప్పగలరా?

గాజుసీసా
మూడు పెట్టండి. సారాన్ని పది నిమిషాలు మరిగించి చల్లార్చి ఒకటి, హైడ్రోజన్ పెరాక్సైడ్ లేకుండా ఒకటి, కొని తెచ్చిన హార్స్‌రాడిష్ ఎంజైముతో ఒకటి. మరిగించినది కాసేపు ఆగాక మళ్లీ రంగు చూపితే కంగారు పడకండి. కొన్ని పెరాక్సిడేజ్‌లు చల్లారాక కొంత చర్యను తిరిగి పొందుతాయి, అందుకే ఎక్కువసేపు నిల్వ ఉంచకుండా వెంటనే చదవాలి.

వంటింటి_రసాయనం
కూరగాయలను ఫ్రీజర్‌లో పెట్టే ముందు మరుగు నీళ్లలో ముంచి తీసేది కూడా ఈ ఎంజైము కోసమేనా?

బఫర్_బాబాయి
అవును, ఇలాంటి ఎంజైములన్నిటి కోసం. మరిగించింది చాలిందా లేదా అని పరిశ్రమలో పెరాక్సిడేజ్ చర్య మిగిలి ఉందో లేదో చూసే తేలుస్తారు, ఎందుకంటే కూరగాయలలోని ఎంజైములలో వేడికి ఎక్కువగా తట్టుకునే వాటిలో అది ఒకటి. ముల్లంగి కాలస్ సారానికి పది నిమిషాలు చాలుతాయా అన్నది మొదటి రోజే పరీక్షించి చూసుకోండి.